రెక్కల కింద మచ్చలు

గురువారం పొద్దున రంగు కొట్టే బూతు పట్టా ఎత్తేసరికి విమానం అడుగున మచ్చలు లేచి ఉన్నాయి. రెండు రెక్కల కింద రెండు, పొట్ట నడుమ ఒకటి, తోక కింద ఒకటి. వేలి కొసంత గుండ్రంగా, గులాబీ రంగులో. ముందురోజు సాయంత్రం దాని మీద వార్నిష్ కొట్టి, ఆరడానికి స్టాండు మీద వెల్లకిలా పెట్టి, పట్టా దించి పోయింది నేనే. అప్పుడు అడుగుభాగమంతా ఒకటే నీలం.

వేలితో తడిమి చూశాను. పైన నున్నగానే ఉంది. దుమ్ము పడి వచ్చిన మచ్చ అయితే గరుకు తగులుతుంది. ఇది లోపలినుంచి పైకి వచ్చింది.

నా వెనక సువార్త వచ్చి నిలబడింది. మా దగ్గర రంగు పడకూడనిచోట టేపులు అతికించే పని ఆమెది.

"వాయమ్మో! విమానానికి అమ్మవారు పోసిందేమక్కా?" అంది.

నాకు నవ్వు రాలేదు. ఆదివారం ఆ విమానం కోసం బెంగుళూరు నుంచి ఒక రిటైరైన కమాండర్ వస్తున్నాడు. తాను నడిపిన విమానాన్ని అచ్చం అట్లాగే, అవే రంగులతో చెయ్యమని పాత ఫొటో ఒకటి పంపించాడు. అది నచ్చితే వాళ్ళ క్లబ్బుకు ఇంకో పన్నెండు కావాలన్నాడు.

మేము చేసేవి యుద్ధ విమానాల బొమ్మలే కానీ పిల్లలు ఆడుకునేవి కావు. ఫైబర్‌తో చేసి, చాపిన చేతులంత రెక్కలు పెట్టి, అద్దాల పెట్టెల్లో ఉంచుకోవడానికి అమ్ముతాం. రాప్తాడు దాటినాక హైవే పక్కన దివాకర్ వాళ్ళ పాత వేరుశెనగ షెడ్డు ఉంది. వానలు లేక కాయ రావడం తగ్గిపోయినాక మిల్లు ఆగిపోయింది. దివాకర్ బెంగుళూరులో ఇట్లాంటి బొమ్మలు చేసేచోట కొన్నేండ్లు పనిచేసి వచ్చి, షెడ్డులో ఒక మూల ప్లాస్టిక్ పట్టాలు కట్టించి, గాలి లాగే ఫ్యాను పెట్టించి దాన్ని బూతు అన్నాడు. రంగు కొట్టేది అందులోనే. మిగతా షెడ్డులో ఇప్పటికీ యాడ తట్టినా శెనగపొట్టు రాలుతుంది.

యుద్ధ విమానానికి రంగులు వెయ్యడమంటే దాన్ని కనపడకుండా చెయ్యడం. కింది నుంచి చూసేవాడికి ఆకాశంలో కలిసిపోవాలి కాబట్టి అడుగున నీలం. నీలమంటే నీలం కాదు, బూడిదంటే బూడిద కాదు. పైనుంచి చూసేవాడికి నేలలో కలిసిపోవాలి కాబట్టి వీపు మీద మట్టి రంగు, దాని మీద చెట్ల రంగు ఆకుపచ్చ. లేత రంగు ముందు, ముదురు రంగు తర్వాత. మట్టికీ ఆకుపచ్చకూ నడుమ గీత గీసినట్టు ఉండకూడదు. అందుకని పుట్టీని పాముల్లాగా చుట్టి, అంచు వెంబడి పెట్టి, రంగు చిమ్మే గన్నును రోంత పక్కకు వంచి కొడతాం. పాము నీడ పడినచోట రంగు మెల్లగా పలచబడుతుంది. ఎంత వంచాలి అనేది చెయ్యికి తెలియాల్సిందే.

నా చెయ్యికి అది మా ఆయన చెయ్యి చూసి వచ్చింది. ఆయన అనంతపురంలో లారీలకు రంగు కొట్టేవాడు. దివాకర్ పిలిస్తే ఇక్కడికి వచ్చాడు, టేపు పట్టుకోవడానికి నన్ను తెచ్చుకున్నాడు. గోడ మీద రంగుల పట్టీ అతికించి ఉంటుంది. దాన్ని చదవడానికి నలభై దాటినాక అక్షరాలు దిద్దాను. మూతికి గుడ్డ కూడా కట్టుకోకుండా ఇరవై ఏండ్లు పీల్చిన రంగు ఆయన ఊపిరితిత్తుల్లో కూర్చుంది. ఆయన పోయి మూడేండ్లు. తర్వాత గన్ను నా చేతికి వచ్చింది. జాలిపడి ఇవ్వలేదు. ఇంకో ఇద్దరు పట్టుకుని చూశారు, వాళ్ళకు అంచు రాలేదు, అంతే.

దివాకర్ వచ్చి మచ్చలు చూశాడు. విమానం చుట్టూ రెండుసార్లు తిరిగాడు.

"రంగు కలిపిందెవురు?"

"నేనేన్నా."

"వార్నిష్?"

"అదీ నేనే."

"పాత డబ్బా ఏమన్నా కలిపినావా? తిన్నర్ ఎక్కువ పోసినావా?"

"లేదన్నా. కొత్త డబ్బానే. కావాలంటే మూత చూడు."

"మూత చూసి కమాండర్‌కి ఏం చెప్పాల? మా డబ్బా మూత శానా బాగుండాది సార్, మచ్చలు మీరే రోంత సర్దుకోండి అని చెప్పాల్నా?"

సువార్త నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. దివాకర్ చూడలేదు.

"ఈ తప్పు ఎవురిదో రేపటికల్లా తేలాల," అన్నాడు. "ఎవురిదైతే వాళ్ళు ఇంక ఈ బూతులోకి రాకూడదు. గన్ను ముట్టుకోకూడదు. ముందే చెప్తాండా."

ఎవురిదైతే అన్నాడు కానీ చూసింది నన్నే. రంగు కలిపిందీ నేను, కొట్టిందీ నేను. ఒక్క మొదటి పూత తప్ప.

ఆ మొదటి పూత సంగతి చెప్పాలి. దివాకర్ తల్లి బయమ్మ. మిల్లు ఆడిన రోజుల్లో మొదటి మూట తూకానికి ఎక్కేముందు ఆమె పూజ చేసేది. ఇప్పుడు విమానానికి చేస్తుంది. రంగుకు ముందు అడుగున కొట్టే ప్రైమర్ ఆరినాక దాని ముక్కుకు పసుపు, కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, నిమ్మకాయ తిప్పి పడేస్తుంది. ఆమీద మొదటి పూత ముత్తైదువ చేత కొట్టిస్తుంది. మా ఆయన ఉన్న రోజుల్లో ఆ ముత్తైదువను నేనే. గన్ను ఆయన పట్టుకుంటే మీట మీద నా వేలు పెట్టించేవాళ్ళు. ఆయన పోయినాక ఆ గంట నేను బయట రేకుల కింద కూర్చుంటాను. లోపల మాతో పనిచేసే లహరి కొడుతుంది. దానికి పెండ్లయి నాలుగేండ్లు. మొగుడు బెంగుళూరులో యాడనో ఉన్నాడు, ఫోన్ లేక ఎనిమిది నెలలు. అయినా దాని మెడలో తాళి ఉంది. అది కొట్టి బయటికి వచ్చినాక నేను పోయి మిగతా పూతలన్నీ కొడతాను. ఇన్నేండ్లలో దీని వల్ల పనికి ఏ చెడుపూ కాలేదు కాబట్టి నేనూ ఏమీ అనలేదు. కూర్చోమన్నచోట కూర్చున్నాను.

ఆ రోజు దివాకర్ వెళ్ళినాక లహరిని పిలిచాను. అది విమానం వైపు చూడకుండా నేల వైపు చూస్తూ వచ్చింది.

"సోమవారం నువ్వు మొదటి పూత కొట్టేటప్పుడు రెక్కల కింద ఏముండింది?"

"ఏం లేదక్కా."

"లహరీ."

"ఏముంటాదక్కా, ప్రైమరే."

"ముక్కుకు కుంకుమ పెట్టింది కదా పెద్దమ్మ. ఇంక యాడన్నా పెట్టిందా?"

దాని కండ్లలో నీళ్ళు తిరిగినాయి. "పెద్ద ఆర్డరు అని చెప్పి ఐదుచోట్ల పెట్టిందక్కా. ముక్కుకు, రెండు రెక్కలకు, పొట్టకు, తోకకు."

"నువ్వు తుడవలేదా?"

"తుడిచినా. పొడి రాలేదాకా తుడిచినా. గట్టిగా రుద్దలేదు." తాళి చేత్తో పట్టుకుంది. "కుంకుమ కదక్కా. గట్టిగా తుడిచేస్తే ఆయనకేమన్నా అయితే?"

దాన్ని తిట్టడానికి నోరు తెరిచాను. రాలేదు. ఎనిమిది నెలలుగా దీనికి ఒక మాట పంపని మొగుడి కోసం ఇది కుంకుమను రుద్దకుండా వదిలేసింది. పసుపుతో చేసిన ఇంటి కుంకుమ అయితే ఏమయ్యేదో తెలియదు. ఇది కొట్లో కొన్నది, అద్దకం రంగు కలిపింది. ఇన్నాళ్ళూ ముక్కుకు ఒక్కదానికే పెట్టేది, ముక్కుకు కొట్టేది నలుపు. నలుపు కింద ఏమున్నా ఎవరికి కనపడుతుంది?

ఇది నాకు కొత్త సంగతి కాదు. ఎర్ర లారీకి తెల్లరంగు కొట్టమని ఎవరైనా తెస్తే మా ఆయన ముందు దానికి సిల్వర్ కొట్టేవాడు. కొట్టకపోతే రెండు దినాలకు లారీ గులాబీ రంగుకు తిరుగుతుంది. తిన్నర్ తగిలితే ఎరుపు నిద్ర లేస్తుందే అనేవాడు. సోమవారం కుంకుమ మీద నీలం పడింది. బుధవారం నేను కొట్టింది వార్నిష్, ఏ వార్నిష్‌లోనైనా రంగులో కంటే తిన్నర్ ఎక్కువే ఉంటుంది. అది కిందిదాకా దిగి ఎరుపును లేపింది.

నాకు తెలిస్తే సరిపోదు. దివాకర్ నమ్మాలి. నమ్మకపోతే నాకు బూతు లేదు. బూతు లేకపోతే నాకు మిగిలేది బయట అరుగు మీద కూర్చుని గరుకు నీళ్ళ పేపరుతో రెక్కలు రుద్దే పని. ఆ పని ఎవరైనా చేస్తారు. కూలి తగ్గుతుందనే బాధ ఒకటి ఉంది, లేదని చెప్పను. కానీ గన్ను పట్టుకున్నప్పుడు నేను ఫలానా వాళ్ళ పెండ్లాన్ని, ఫలానా వాడు చచ్చిపోయినదాన్ని కాదు. పాము పక్కన గన్ను ఎంత వంచాలో తెలిసిన మనిషిని. ఊర్లో ఇంక యాడా నేను ఆ మనిషిని కాదు.

విరిగి మూలపడిన రెక్క ఒకటి తీసుకున్నాను. దాని మీద నడుమకు టేపు వేశాను. దేవుని పటం కింద బయమ్మ కుంకుమ భరిణె ఉంది. దాన్ని నేను ముట్టుకోలేదు. లహరి చేతనే రెక్కకు ఒక పక్క మూడు బొట్లు పెట్టించి, ఆ రోజు ఎట్ల తుడిచిందో అట్లనే తుడిపించాను. రెండో పక్క ఉత్త ప్రైమర్. అదే డబ్బా నీలం, అదే వార్నిష్, రెండు పక్కలా ఒక్కటే తీరుగా కొట్టి షెడ్డు ముందు ఎండలో పెట్టాను. మార్చి నెల. మా ఎండకు రెండు దినాలు ఆరాల్సింది రెండు గంటల్లో ఆరుతుంది.

సువార్త అన్నం తింటూ దానికి కాపలా కూర్చుంది. గాలికి ఎర్రదుమ్ము లేస్తే దాని మీద జల్లెడ అడ్డం పెట్టింది.

"వచ్చింది! వచ్చింది!" అని ఒకటే అరుపు. "అక్కోయ్, నీ మొక్కలు మొలిచినాయి!"

ఒక పక్క మూడు గులాబీ మచ్చలు. రెండో పక్క శుభ్రంగా నీలం.

రెక్కను తీసుకుపోయి దివాకర్ బల్ల మీద పెట్టాను. ఏ పక్క ఏం చేశానో చెప్పాను. అతను దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. గోరుతో గీకాడు. తర్వాత తలుపు వైపు చూశాడు, తల్లి వస్తోందేమోనని.

"అమ్మకు చెప్పొద్దు," అన్నాడు.

"నేనెందుకు చెప్తాన్నా."

"సరి చెయ్యగలవా?"

"చేస్తా. పైరంగులు కప్పేసి, కింద నీలమంతా నీళ్ళ పేపరుతో తీసేయాల. అడుగున కుంకుమ రవ్వంత కూడా మిగలకూడదు. మళ్ళా సిల్వర్, దాని మీద నీలం. శనివారం సాయంత్రానికి అయిపోతాది."

"అయితే గీకెయ్."

నేను కదలలేదు. "తప్పు నాది కాదు కదన్నా?"

"కాదు లేక్కా."

"లే అని కాదు. గట్టిగా చెప్పు."

"నీ తప్పు కాదు. చాలా?"

చాలు అనుకున్నాను. ఆ సాయంత్రం షేర్ ఆటోలో ఇంటికి పోతూ పక్కన కూర్చున్న ముసలామెకు చోటిచ్చి, ఆమె మూట నా ఒళ్ళో పెట్టుకున్నాను. అంత మంచిగా ఉన్నాను ఆ సాయంత్రం.

శుక్రవారం పొద్దున విమానాన్ని వెల్లకిలా పెట్టి, పైరంగులకు కాగితాలు చుట్టి, పనికి కూర్చున్నాను. నీళ్ళ పేపరును బకెట్‌లో ముంచి, పిండి, గుండ్రంగా రుద్దాలి. ముందు వార్నిష్ తెల్లగా పాల విరుగుడు లాగా దిగింది. తర్వాత నీలం. మచ్చల దగ్గరికి వచ్చేసరికి నీళ్ళు ఎర్రబారినాయి. రుద్దేదాకా తెలియలేదు, ఆ బొట్లలో ఎంత రంగు ఉందో. ప్రైమర్ దాకా ఇంకిపోయింది. రుద్దేకొద్దీ వస్తోంది. వేళ్ళ సందుల్లోంచి, మణికట్టు మీదుగా, మోచేతి దాకా కారింది. తుడుచుకోవడానికి లేవలేదు. నడుమలో చెయ్యి ఆపితే వేళ్ళు నొక్కుకుని గుంత పడుతుంది.

అప్పుడు బయమ్మ వచ్చింది. ఆమె బూతులోకి ఎప్పుడూ రాదు, వాసనకు తల తిరుగుతుందని. ఆరోజు కొడుకుకు మజ్జిగ తెచ్చి, అతను కనపడక వెతుక్కుంటూ పట్టా ఎత్తింది.

"ఏమ్మే ఈశ్వరీ, ఆ చేతులకేమి? కోసుకున్నావా?"

"లేదు పెద్దమ్మా. రంగు."

ఆమె దగ్గరికి వచ్చింది. విమానం పొట్ట చూసింది, బకెట్ చూసింది, మళ్ళీ నా చేతులు చూసింది. మజ్జిగ చెంబు ఉన్న చెయ్యి వెనక్కి తీసుకుంది.

"రంగు కాదది. నేను పెట్టిన కుంకుమ."

నేను చెప్పబోయాను. మచ్చలు వచ్చినాయనీ, దివాకర్ చెప్పినాడనీ. ఆమె వినడం లేదు. ఆమె ఏం చూస్తోందో నాకు అర్థమైంది. మా ఆయన పోయిన పదో దినం నన్ను పీట మీద కూర్చోబెట్టి, నీళ్ళు పోసి, వేరే ఆడోళ్ళు నా నొసలు రుద్దినారు. ఆ నీళ్ళు కూడా ఇట్లనే ముఖం మీదుగా ఎర్రగా కారినాయి. నాకు చేసినదాన్ని నేను విమానానికి చేస్తున్నట్టు కనపడింది ఆమెకు. ఒక్క క్షణం నాకూ అట్లనే కనపడింది. చెయ్యి ఆపాను. ఆపినచోట చిన్న గుంత పడింది.

"దివాకరా!" అని ఆమె కేక పెట్టింది.

అతను పరిగెత్తుకొచ్చాడు. వెనకాల సువార్త, లహరి.

"యుద్ధానికి పోయే బండికి బొట్టు పెడితే, ముండమోపి చేత తుడిపిస్తావురా నువ్వు?"

"అమ్మా, అది బండి కాదు..."

"పెద్దమ్మా, అది యుద్ధానికి యాడ పోతాది?" అంది సువార్త. "షోకేసులోకి పోతాది."

"నువ్వు నోరు మూసుకోమ్మే. బొట్టు లేని కులం మీది, మీకేం తెలుస్తాది?"

"బొట్టు లేదు గానీ పెద్దమ్మా, మా ఆయన మాత్రం గుండ్రాయి మాదిరి ఉండాడు. మూడు పూటలా తింటాండాడు."

ఇంకో రోజైతే అందరం నవ్వేవాళ్ళం. లహరి ఏడుస్తోంది. అది కుంకుమ సరిగా తుడవలేదని చెప్పేస్తుందేమో అనుకున్నాను. చెప్పలేదు. దాని మీద నాకు కోపం రాలేదని ఇప్పుడు రాస్తే అబద్ధం. వచ్చింది.

దివాకర్ తల్లిని భుజం పట్టుకుని బయటికి తీసుకుపోయాడు. పోతూ నాతో, "నువ్వు కానీక్కా, పని ఆపొద్దు. ఆదివారానికి కావాల," అన్నాడు.

కాబట్టి శుక్రవారం మిగిలిన పూట, శనివారం రోజంతా నా చెయ్యి అశుభం కాలేదు. గుంతకు పుట్టీ పెట్టి నున్నగా చేశాను. శనివారం గాలి లేవకముందే వచ్చి, దుమ్ము అణగడానికి నేల మీద నీళ్ళు చల్లి, సిల్వర్ పలుచగా రెండు పూతలు, దాని మీద నీలం మూడు పూతలు కొట్టాను. మొదటి పూతకు ఎవరూ ముత్తైదువను పిలవలేదు. తొందరలో ఉన్నారు కదా. కాగితాలు విప్పినప్పుడు వీపు మీది మట్టి, ఆకుపచ్చ ఎక్కడా చెదరలేదు. కింద నీలం ముందుకంటే బాగా కుదిరింది. దాన్ని పైకి ఎత్తి పట్టుకుని కింది నుంచి చూశాను. రేకుల సందులోంచి కనపడే ఆకాశం పక్కన పెడితే రెక్క యాడ అయిపోయి ఆకాశం యాడ మొదలైందో ఒక్క గడియ తెలియలేదు. నేను కొట్టినవాటిలో అంత మంచిది ఇంకొకటి లేదు.

ఆదివారం కమాండర్ వచ్చాడు. మనిషి సన్నగా, నిటారుగా ఉన్నాడు. ఫొటో పక్కన పెట్టి చూసుకున్నాడు. జేబులోంచి కండ్లద్దాలు తీసి వంగి అంచులు చూశాడు. అడుగున చెయ్యిపెట్టి అరచేతితో మెల్లగా నిమిరాడు, ఆవుదూడ వీపు నిమిరినట్టు. పన్నెండు విమానాలకు అప్పుడే మాట ఇచ్చాడు. నేను రేకుల కిందనుంచి చూశాను. బయమ్మ అట్టపెట్టె మూతకు పసుపు కుంకుమ పెట్టి, లహరి చేత టేపు వేయించింది.

సోమవారం నేను బూతు దగ్గరికి పోతుంటే దివాకర్ పిలిచాడు. కుర్చీ చూపించాడు. ఎప్పుడూ కూర్చోమనడు. అప్పుడే నాకు తెలిసిపోయింది.

"అక్కా, ఈ పన్నెండు లహరి కొడతాది. నువ్వు రోంత దినాలు బయట రెక్కలు రుద్దే పని చూసుకో."

"ఎందుకన్నా?"

"అమ్మ ఒప్పుకోవడంలేదు. రెండు దినాలనుంచి అన్నం తినడంలేదు."

"తప్పు నాది కాదన్నావు కదా. రెండుసార్లు చెప్పినావు."

"ఇప్పుడూ అదే చెప్తాండా. నీ తప్పేం లేదు." అతను బల్ల మీది పెన్ను తీసి మూత పెట్టి తీశాడు. "తప్పయితే ఏముండాదక్కా? అరిచేటోణ్ణి. రెండు దినాలు మాట్లాడకుండా ఉండేటోణ్ణి. మళ్ళా నువ్వే కొట్టు అని గన్ను ఇచ్చేటోణ్ణి. తప్పులు చెయ్యనోళ్ళు ఎవురు? ఇది తప్పు కాదు. నీ చేత అట్ల జరిగింది. దానికి నేనేం చెయ్యాల చెప్పు."

"అంటే తప్పు చేసింటే ఉండేదాన్ని."

"అట్ల కాదు..."

"ఎట్లయితేనేమన్నా. నువ్వు చెప్తాండేది అదే కదా."

చెడ్డవాడు కాదు దివాకర్. మా ఆయన ఆసుపత్రిలో ఉన్నప్పుడు కారు పంపించాడు. అది గుర్తొచ్చి నాకు ఇంకా మండింది.

పని మానేస్తానని చెప్పి లేచి వచ్చేదాన్ని. ఎక్కడికి పోవాలి? విమానాలకు రంగు కొట్టే ఇంకో షెడ్డు ఈ జిల్లాలో లేదు. లారీల దగ్గర ఆడదానికి గన్ను ఇవ్వరు. అరుగు మీద కూర్చుని బకెట్ దగ్గరికి లాక్కున్నాను.

మధ్యాహ్నం లహరి వచ్చి నా పక్కన గొంతుక్కూర్చుంది. దాని చేతికి నీలం రంగు.

"నాకు రాదక్కా. కారిపోతాంది. పాము పక్కన గీత మాదిరి వస్తాంది."

"గన్ను దగ్గర పెడుతున్నావు. తిన్నర్ తక్కువేసినావు. పాలంత పల్చగా ఉండాల."

"వంచేది ఎంతక్కా?"

దానికి చెప్పలేదు. చెప్పినా రాదు. చెప్పాలని కూడా అనిపించలేదు.

అది అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "పెద్దమ్మ తొమ్మిదింటికి గానీ రాదు. నువ్వు ఏడింటికి వచ్చి కొట్టేసి పో. అన్న కూడా చూసీ చూడనట్టు ఉంటాడు. నేనే కొట్టినానని చెప్తాలే."

"నా పని నేనే దొంగతనంగా చేసుకోవాల్నా?"

"అట్ల కాదక్కా..."

"పోమ్మే. నీ మొగుడు బాగుండాల, నీ తాళి బాగుండాల. పో, పోయి కొట్టుకో."

దాని ముఖం చిన్నబోయింది. ఆ మాట అనకుండా ఉండాల్సింది. దాని మెడలో ఉన్నది ఎంతపాటిదో నాకంటే దానికే బాగా తెలుసు. లేచి వెళ్ళిపోయింది. కాసేపటికి లోపల కంప్రెషర్ మోగింది. గన్ను చప్పుడు వింటే చాలు, ఎంత దూరంలో పట్టుకుందో నాకు తెలుస్తుంది. మళ్ళీ దగ్గరే పట్టుకుంది.

నేను రెక్క తీసుకుని రుద్దడం మొదలుపెట్టాను. ప్రైమర్ నున్నబడింది. ఆపాల్సినచోట ఆపలేదు. ప్రైమర్ పోయి ఫైబర్ నార తేలింది. ఆపలేదు. నార తెగి, వేలు పట్టేంత బొక్క పడింది. చెయ్యి జారిందని చెప్పుకోవచ్చు. జారలేదు.

రెక్కను తీసుకుపోయి దివాకర్ ముందు బల్ల మీద పెట్టాను.

"ఇదిగోన్నా," అన్నాను. "ఇది నా తప్పు. నేనే చేసినా."

అతను దాన్ని ఎత్తి కిటికీ వెలుతురుకు పట్టాడు. బొక్కలోంచి బయట పోతున్న లారీ కనపడింది. నేను నిలబడి ఉన్నాను, అరుస్తాడని. కండ్లు లేవా అంటాడని, రెక్క దుడ్లు ఎవురిస్తారు అంటాడని.

"పోనీలేక్కా," అన్నాడు మెత్తగా, ఇంట్లో ముసలోళ్ళు గ్లాసు జారవిడిస్తే అన్నట్టు.

రెక్కను తీసి చెత్తబుట్ట పక్కన పెట్టాడు. లోపలికి పోయి ఇంకో రెక్క తెచ్చి నా చేతికిచ్చాడు.